నాలుగు తీగలకు అరవై ఎఫెక్టులు

మా ఖేడ్ వాళ్లకు బేస్ అంటే ప్రాణం. ఆటో కొన్నవాడు ముందు బ్రేకులు చూసుకోడు, సీటు వెనకాల బేస్ బాక్సు పడుతుందో లేదో చూసుకుంటాడు. బరాత్ బండి బస్టాండు దాటుతుంటే మందుల దుకాణంలో సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. పెండ్లికొడుకు బండి దిగేలోపు ముసలాయన గుండె రెండుసార్లు లయ తప్పకపోతే, ‘ఏం డీజేరా ఇది, దమ్మే లేదు’ అని బాకీ పైసల్లో కోత పెడతారు. ఇంతటి బేస్ భక్తులున్న ఊళ్లో బేస్ గిటారు వాయించే పిల్లగాణ్ని ఎవరన్నా గుర్తుపడతారా? ‘నాలుగే తీగలున్నయేంది తమ్మీ, కడమ రెండు తెగిపొయినయా?’ బుద్ధెరిగినప్పటి నుంచి వాడు అందుకున్న సంగీత విమర్శ మొత్తం ఇదే.

మా ఖేడ్, అంటే నారాయణఖేడ్ తాలూకా, 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనప్పుడు మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డికి మారింది. జిల్లాలు మారాయి గానీ భాషలు ఎక్కడికీ పోలేదు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ అంగట్లో చెవిన పడతాయి. కాబట్టి ‘నీ గిటారు వినబడతలేదు’ అన్న మాటను నాలుగు భాషల్లో వినే భాగ్యం మా బేసిస్టుకు దక్కింది. కీబోర్డు వాడి వేళ్లు కనపడతాయి. ప్యాడ్లు కొట్టేవాడి చెమట కనపడుతుంది. లీడ్ గిటారు వాడు కళ్లు మూసుకుని మొహం తిప్పే వంకర్లే సగం పాట. బేసిస్టు మాత్రం వెనకాల, జనరేటరు వైరు పక్కన, పరదాకు ఆనుకుని నిలబడతాడు. ఫొటోగ్రాఫరు వచ్చి ‘అన్నా, జర పక్కకు జరుగు’ అంటాడు, ఫ్రేముకు అడ్డమొస్తున్నాడని.

ఇన్నాళ్ల అవమానానికి మందు దొరికింది. పెద్ద పేరు మల్టీ ఎఫెక్ట్స్ పెడల్, మనవాళ్ల నోట్లో ప్రాసెసర్. కాలి దగ్గర పెట్టుకోవచ్చు, లైట్లు వెలుగుతాయి, తెర మీద రంగుల బొమ్మలు వస్తాయి. తొక్కినప్పుడల్లా జనం కిందికి చూస్తారు. జీవితంలో మొదటిసారి బేసిస్టు వైపు నాలుగు కళ్లు తిరుగుతాయి, పాదాల వైపే అయినా.

‘ఏందిర గా డబ్బ, వైఫైదా?’

‘ప్రాసెసర్ అన్నా.’

‘అంటే?’

‘గిటారు సౌండు మారుతది.’

‘ముందుగాల రానియ్యి. తర్వాత మార్చుదువు.’

ఈ మాటన్న పెద్దమనిషికి సంగీతం రాదు. అయినా ఆయన కన్నా గొప్ప సౌండ్ ఇంజనీరు మా డివిజన్‌లో పుట్టలేదని నా అభిప్రాయం.

ఇక ఎంపిక. కందులు కొనే సేటు కూడా బస్తాల లెక్కతో ఆగడు, పిడికెడు తీసి గింజను పంటికింద వేసి చూస్తాడు. మనవాడు ప్రాసెసర్‌ను కేవలం లెక్క చూసి కొంటాడు. జూమ్ బీ1 ఫోర్ అని ఒక జపాన్ డబ్బా ఉంది. చవకలో బేస్ ప్రాసెసర్ వెతికే ప్రతివాడికీ దారిలో ఎదురయ్యేది అదే. అరచేతి కంటే కాస్త పెద్దది, నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ధర పదివేలకు అటూ ఇటూ. అందులో అరవైకి పైగా ఎఫెక్టులు, తొమ్మిది రకాల యాంప్లిఫయర్ల అనుకరణలు, 68 రిథమ్ ప్యాటర్న్లు, 30 సెకన్ల లూపర్. దానికే కాలితో తొక్కే ఎక్స్‌ప్రెషన్ పెడల్ చేర్చితే బీ1ఎక్స్ ఫోర్. అరవై ఉన్నా ఒకేసారి పనిచేయించుకోగలిగేవి అయిదు. ఆ ‘అయిదు’ అన్న మాట చదివే తీరిక మనవాడికి లేదు. అప్పటికే వాడి కన్ను బాస్ కంపెనీ జీటీ-1బీ మీద పడింది. అందులో తొంభై దాకా ఉన్నాయి, ధర రెండింతల పైమాట. తొంభైలో అరవై పోతే ముప్పై. ఆ ముప్పై ఏమిటో వాడికి తెలియదు. అవి లేకనే తన బేస్ ఎవరికీ వినపడటం లేదన్నది మాత్రం రూఢిగా తెలిసిపోయింది.

అంతలో చైనా డబ్బాలు వరుసకడతాయి. న్యూక్స్ అంటాడొకడు, మూయర్ అంటాడొకడు, అసలు వాలెటాన్ చూడకుండా కొంటే నీ ఖర్మ అంటాడు మరొకడు. వీళ్లంతా లీడ్ గిటారు వాళ్లే. బేస్‌కు ఏది మంచిదని లీడ్ గిటారు వాణ్ని అడగడం మనలో ఆచారం. వాడు తన గిటారుకు తగినది చెబుతాడు, మనవాడు నమ్రతతో కొంటాడు. ఇక ఆ డబ్బాల ప్రదర్శన వీడియోల్లో కుర్రాడి చేతిలో లక్ష దాటిన బేస్ ఉంటుంది, గది గోడలకు స్పంజి ఉంటుంది, వాడు అరగంట సేపు బొటనవేలితో తీగలను చరుస్తూనే ఉంటాడు. ఒక్క పాటకైనా తోడుగా వాయించి చూపించిన పాపాన పోడు. అది చూసిన మనవాడు, ఆ మోత డబ్బాలోంచి వచ్చిందనుకుంటాడు. బొటనవేలు ప్యాకెట్‌లో రాదు.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నారు. డబ్బా వస్తుంది, విప్పుతాడు, మొదటి ప్యాచ్, అంటే ముందే కలిపిపెట్టిన ఎఫెక్టుల జట్టు, తొక్కుతాడు. అది ఫ్యాక్టరీ వాళ్లు వేసి పంపిన ప్యాచ్. దుకాణంలో నిలబడ్డవాడు అర నిమిషంలో నోరెళ్లబెట్టడానికి తయారుచేసిన వంట అది. కోరస్ కొంత, రివెర్బ్ కొంత, డిలే కొంత, పైన సింథ్ చల్లి ఉంటుంది. గదిలో ఒక్కడే వాయించుకుంటే మేఘాల్లో తేలుతున్నట్టుంటుంది. అదే ప్యాచ్‌ను డ్రమ్ము, కీబోర్డు, ఇద్దరు గాయకుల మధ్యకు తెచ్చి పెడితే బేస్ ముద్దగా కరిగి ఎటో పోతుంది. పక్క ప్యాచ్‌కు మారితే సౌండు రెట్టింపవుతుంది, ఆ పక్కదానికి మారితే సగమవుతుంది. ప్యాచ్‌ల లెవెల్ ఒకదానికొకటి సరిపెట్టుకోవాలన్న సంగతి మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ అట్టపెట్టెలో ఉంటుంది. అట్టపెట్టె అటక మీద ఉంటుంది, ఎందుకంటే డబ్బాను తిరిగి అమ్మేటప్పుడు అట్టపెట్టె ఉంటే రెండొందలు ఎక్కువ వస్తాయి.

పెండ్లి స్టేజి మీద బేసిస్టుకు నిజంగా ఎన్ని ఎఫెక్టులు కావాలి? నా లెక్క చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. ట్యూనర్ ఒకటి, కంప్రెసర్ ఒకటి, ఈక్వలైజర్ ఒకటి. ఆశ ఎక్కువున్నవాడికి చిటికెడు ఓవర్‌డ్రైవ్. తక్కిన యాభై ఆరూ కంపెనీ వాడి పిల్లల చదువుకు.

ఇందులో కంప్రెసర్ గతి చూడండి. వేలు గట్టిగా పడ్డ స్వరాన్ని అణిచి, మెత్తగా పడ్డ స్వరాన్ని లేపి రెండింటినీ ఒక తూకానికి తెస్తుందది. పాట కింద నేల గుంతలు లేకుండా చదునవుతుంది. ఆ పని జరుగుతున్నట్టు ఎవరికీ తెలియదు, తెలియకపోవడమే దాని నైపుణ్యం. మనవాడికి ఇదే నచ్చదు. ‘ఆన్ జేసినా ఆఫ్ జేసినా ఫరక్ తెలుస్తలేదన్నా’ అని దాన్ని పీకేసి, ఆ జాగాలో ఫ్లాంజర్ పెడతాడు. ఫ్లాంజర్ అయితే విమానం దిగుతున్నట్టు మోత వస్తుంది, పక్కవాడు ఉలిక్కిపడి చూస్తాడు. ఉలిక్కిపడటం మన దగ్గర మెచ్చుకోలు కిందే లెక్క.

ఓవర్‌డ్రైవ్‌దీ అదే బాధ. గిటారు కోసం పుట్టిన ఓవర్‌డ్రైవ్‌కు బేస్ తగిలిస్తే కింది భాగం సన్నబడిపోయి రేకుడబ్బా గరగర మిగులుతుంది. అందుకే బేస్ కోసం చేసినవాటిలో బ్లెండ్ అని ఒక గుండీ ఉంటుంది, అసలు గొంతును కొంత పక్కనే కలుపుకోవడానికి. సగం దగ్గర ఆపితే పని అయిపోతుంది. మనవాడు దాన్ని కుడివైపు చివరిదాకా తిప్పుతాడు. సగంలో ఆపడం మా ప్రాంతంలో పిరికితనం కింద జమ.

ఇక ఆక్టేవ్. బేస్ మీద అన్నిటికన్నా లావు తీగ ఈ. అది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది, ఒక్క కంపనం పూర్తి కావడానికే 24 మిల్లీసెకన్లు. మోగిన స్వరం ఏదో పోల్చుకోవడానికి డబ్బా కనీసం ఆ మాత్రమైనా వినాలి కదా. అందుకే కింది స్వరాల దగ్గర ఆక్టేవ్‌కు నత్తి వస్తుంది, ఒక అడుగు ఆలస్యంగా వచ్చి తప్పు తలుపు కొడుతుంది. అంతటితో అయిపోలేదు. 41కి ఒక ఆక్టేవ్ కిందికి దిగితే ఇరవై. మనిషి చెవి వినగలిగే హద్దు అక్కడితో సరి. నా బేస్ ఎవరికీ వినబడతలేదో అని ఏడ్చినవాడే పైసలు పోసి, యంత్రం తెచ్చి, దాన్ని మనిషి చెవికి అందీ అందని లోతుకు దింపుతున్నాడు.

అసలు ఈ వాయిద్యం కరెంటు ఎక్కిందే వినపడటం కోసం. అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్‌ను బ్యాండు వాళ్లు మోసుకు తిరిగేవాళ్లు, బాకాల హోరులో అది ఎవరికీ చెవికెక్కేది కాదు. లియో ఫెండర్ 1951లో ప్రిసిషన్ బేస్ తెచ్చి ఆ చిక్కు విప్పాడు. డెబ్బై ఏళ్లు దాటింది. అమెరికాలో పరిష్కారమైన ఆ ఫైలు ఖేడ్‌లో ఇంకా పెండింగే. మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ ఒక ఫెండర్ బేస్‌ను తీసుకుపోయి నేరుగా మిక్సర్‌కు తగిలించి, ఎక్కువగా ఒకే ఒక్క చూపుడువేలితో మీటి, సగం ప్రపంచాన్ని ఆడించాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. మన దగ్గర ఎనభైల నాటి ఇళయరాజా పాటల్లో బేస్ వాయించిన శశిధరన్, రెహమాన్ పాటల్లో వాయించిన కీత్ పీటర్స్, వీళ్ల గీతలు పాట కింద ఇంకో పాటలా నడుస్తాయి. పల్లవి మరిచిపోయినవాడు కూడా ఆ నడక హమ్ చేస్తాడు. అది విని ‘ఆహా, ఏం ఫ్లాంజర్!’ అన్నవాణ్ని మాత్రం నేనింతవరకు చూడలేదు.

ప్యాచ్‌ల తయారీ ఒక అర్ధరాత్రి కుటీర పరిశ్రమ. ఇంట్లో అందరూ పండుకున్నాక మనవాడు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు. సౌండు చిన్నగా పెడతాడు. చిన్నగా పెట్టినప్పుడు మనిషి చెవికి కింది స్వరాలు తక్కువగా వినపడతాయి. ఈ సంగతిని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి గీతలు గీసి చూపించారు. మనవాడికి ఆ గీతలతో పనిలేదు. బేస్ చాలడం లేదని లో గుండీ తిప్పుతాడు, ఇంకా చాలలేదని మళ్లీ తిప్పుతాడు, మిడ్ అడ్డమొస్తోందని కోసేస్తాడు. పొద్దుగాల లేచేసరికి ప్యాచ్ సిద్ధం, పేరు కూడా పెట్టేశాడు. సాయంత్రం టెంటులో అదే ప్యాచ్‌ను పెద్ద సౌండుకు పెట్టగానే చెవి కింది స్వరాలను పూర్తిగా పట్టుకుంటుంది. అప్పుడు వచ్చేది బేస్ కాదు, గుయ్యిమనే పొగ. మనిషికి స్వరం తెలిసేది మిడ్‌లో, దాన్నే రాత్రి కోసి పారేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ‘టెంటు ఓడు’ అంటాడు.

అడాప్టరు కథ చెప్పకుండా ముందుకు పోతే పాపం. ఈ జాతి డబ్బాలకు మామూలుగా 9 వోల్టులు కావాలి, పిన్ను నడిమధ్యన నెగెటివ్ ఉండాలి. చాలావాటికి అడాప్టరు విడిగా కొనాలి. పదివేలు పోసినవాడికి ఆ చివరి వెయ్యి దగ్గర పొదుపు గుర్తొస్తుంది. ఇంట్లో రౌటర్‌కున్న అడాప్టరు పీకి చూస్తాడు. పిన్ను పడుతుంది. ‘పట్టింది’ అన్నది మా ఊళ్లో విద్యుత్ శాస్త్రం మొదటి సూత్రం, చివరి సూత్రం కూడా. రౌటర్‌ది సాధారణంగా 12 వోల్టులు, నడిమధ్యన పాజిటివ్. ఒక చిన్న టప్పుమన్న చప్పుడు, కాలిన ప్లాస్టిక్కు వాసన. ఆ రాత్రి ఇంట్లో ఇంటర్నెట్టూ లేదు, ప్రాసెసరూ లేదు. అరవై ఎఫెక్టుల్లో లేని అరవై ఒకటో ఎఫెక్టు పొగ. అడాప్టరు మీద చిన్న బొమ్మ అచ్చువేసి ఉంటుంది, మధ్యలో చుక్క, దానికి ప్లస్సో మైనస్సో. అయిదు సెకన్లు ఆ బొమ్మ చూడటం ఏ ఆక్టేవ్ కన్నా లాభసాటి.

డబ్బా బతికి బయటపడిందే అనుకుందాం. ఇక ఫంక్షన్. జనరేటరు నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ బోర్డు నుంచి ఇంకో బోర్డు, దాంట్లో సీరియల్ లైట్లు, ఫాగ్ మిషన్, కూలరు, ఐస్‌క్రీం స్టాలు ఫ్రిజ్జు. ఎర్తింగ్ ఎక్కడుందని అడిగితే మట్టిని చూపిస్తారు. మిక్సర్ ఇరవై మీటర్ల దూరంలో భోజనాల బల్ల పక్కన ఉంటుంది. చవక డబ్బాలకు చాలావరకు మామూలు జాకే ఉంటుంది, మన సౌండు వాళ్ల భాషలో పీ థర్టీ ఎయిట్. ఆ పిన్నుతో అంత పొడుగు వైరు లాగితే కరెంటు గుర్రుమనే మోత అంతా ఏరుకుని వస్తుంది. మధ్యలో డీఐ బాక్స్ అని ఒకటి పెట్టి అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు లాగితే తొంభై పాళ్లు శాంతి. గుర్రు ఇంకా పోకపోతే ఆ బాక్స్ మీదే గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక స్విచ్ ఉంటుంది. డీఐ బాక్స్‌కు లైట్లుండవు, తొక్కడానికి వీలుండదు, దాన్ని చూసి ఎవరూ ఏమీ అడగరు. కాబట్టి అది ఎవరి సంచిలోనూ లేదు. గుర్రు పోవడానికి ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టే ఘనులు ఉన్నారు. వాళ్లకు ఒక మనవి: ఆ పిన్ను గిటారు కోసం పెట్టింది కాదు, నీ ప్రాణం కోసం పెట్టింది. నువ్వు పోతే ఆ రాత్రి బేస్ వినపడలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

క్యాబినెట్ సిమ్యులేషన్ సంగతి ఒక్క ముక్క. నేరుగా మిక్సర్‌కు పోతే ఆన్‌లో ఉండాలి, బేస్ యాంప్‌కు పోతే ఆఫ్‌లో. అసలు యాంప్ స్పీకరుండగా ఇంకో దొంగ స్పీకరు ఎందుకు? ఇంతే. ఈ ఒక్క స్విచ్ తెలిస్తే సగం ‘సౌండు మురికిగ వస్తుంది’ ఫిర్యాదులు మాయమవుతాయి.

మిక్సర్ దగ్గరుండే సౌండు అన్న గురించి చెప్పాలంటే భయం భయంగానే చెప్పాలి, ఆయనతో నాకు ముందు ముందు పనుంది. ఆయన దృష్టిలో లోకంలో రెండే శబ్దాలు: గాయకుడి మైకు, దాని ఎకో. బేస్ అంటే ఆయనకు వాయిద్యం కాదు, యాంప్లిఫయర్ మీద ఉండే గుండీ. ‘అన్నా, బేస్ పెంచు’ అని స్టేజి మీద నుంచి మనవాడు అరిస్తే, ఆయన గాయకుడి మైకుకు బేస్ పెంచుతాడు. గాయకుడు గుహలోంచి పాడుతున్నట్టవుతుంది. మనవాడు సంతోషంగా ప్యాచ్ మారుస్తాడు.

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా లౌడ్ స్పీకర్లు కూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. బేస్ మీద ఇంత చట్టం నడుస్తున్న రోజుల్లోనూ మా బేసిస్టు ఇరవై నాలుగు గంటలూ చట్టబద్ధుడే. వాణ్ని పట్టుకోగల డెసిబెల్ మీటరు ఇంకా తయారు కాలేదు.

కరెంటు పోయినప్పుడు మాత్రం వాడిదే రాజ్యం. టెంటు మొత్తం చీకటి, మైకు మూగ, కీబోర్డు మూగ. నాలుగు పెన్సిల్ సెల్లుల మీద ప్రాసెసర్ ఒక్కటి ఎర్రగా, పచ్చగా వెలుగుతూ ఉంటుంది. పిల్లలు దాని చుట్టూ చేరి చూస్తారు.

ఇంత తిట్టినా ఆ డబ్బా మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే అంత చవకలో అంత మేలు చేసే వస్తువు సంగీతంలో అరుదు. కాకపోతే ఆ మేలంతా లైట్లు లేని వైపున ఉంది. అది ఎవరికి అందుతుందో చెబుతా. మన వైపు బేస్ గిటారు నిలకడగా బతికేది చర్చిల్లో. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథెడ్రల్ దగ్గర మొదలుపెట్టి ఊరూరి చిన్న చర్చిల దాకా ఆదివారం ఆరాధనలో కీబోర్డు, ప్యాడ్లు, పక్కన ఒక బేస్ కుర్రాడు. వాడికి జీతం లేదు, గురువు లేడు. బేస్ నేర్పే మనిషి కోసం నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి హైదరాబాద్ పోవాలి, అక్కడా లీడ్ గిటారు నేర్పేవాళ్లే ఎక్కువ. అటువంటి వాడికి ఈ డబ్బాలోని 68 రిథమ్ ప్యాటర్న్లు అలుపెరగని డ్రమ్మరు. ఆదితాళమో మరోటో దొరక్కపోవచ్చు, నాలుగు దెబ్బల నడక మాత్రం రాత్రి రెండింటికైనా తప్పకుండా కొడుతుంది, తాను తప్పక మనం తప్పితే మొహమాటం లేకుండా బయటపెడుతుంది. 30 సెకన్ల లూపర్‌లో నాలుగు బార్లు వాయించి వదిలితే అది తిరిగి తిరిగి వినిపిస్తుంది. తన వేలు ఎక్కడ తొందరపడుతోందో, ఎక్కడ నిద్రపోతోందో తన చెవులతోనే వింటాడు. అంతకన్నా కఠినమైన గురువు ఖేడ్‌లోనే కాదు, చెన్నైలోనూ దొరకడు. ఇంట్లో వాళ్లను లేపకుండా హెడ్‌ఫోన్లలో గంటసేపు వాయించవచ్చు. ట్యూనర్ ఉంది, చీకటి స్టేజి మీద కూడా కనపడుతుంది.

ఇవన్నీ అదే పదివేలలో వస్తాయి. వీటిని వాడేవాడు మాత్రం నాకు అరుదుగా కనపడ్డాడు. లూపర్‌ను ఎందుకు వాడవు తమ్మీ అంటే, ‘నా తప్పులు నాకే వినపడతయన్నా, మనసున పడతలేదు’ అన్నాడొకడు. సత్యమే. ఆ డబ్బా మొత్తంలో మనసుకు బాధ కలిగించేది అదొక్కటే, కాబట్టి పనికొచ్చేదీ అదే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత మన పెద్దలు ఎవరిని చూసి అన్నారో గానీ, ఏళ్ల తరబడి తుప్పెక్కిన తీగలతో, సెల్లు అయిపోయిన యాక్టివ్ బేస్‌తో, తోలు ఊడిన వైరుతో వచ్చి కాలి దగ్గర తొంభై ఎఫెక్టులు పరిచేవాణ్ని చూస్తే ఆ పెద్దల కళ్లు చల్లబడేవి.

ఇక ఆరు నెలలకు డబ్బా అమ్మకానికి వస్తుంది. ‘కొత్తదే, చాలా తక్కువ వాడిన’ అని. అందులో అబద్ధం ఏమీ లేదు, నిజంగానే చాలా తక్కువ వాడాడు. అటక మీద నుంచి అట్టపెట్టె దిగుతుంది, లోపల మాన్యువల్ మడత విప్పకుండా ఉంటుంది. అమ్మిన పైసలకు ఇంకొంత కలిపి నూట యాభై ఎఫెక్టుల డబ్బా తెస్తాడు. పాతది కొనుక్కున్నవాడు జహీరాబాద్ వాడో, బిచ్కుంద వాడో అయి ఉంటాడు. వాడికి కూడా అదే గతి పట్టకూడదని నా కోరిక. అందుకే కొనబోయే తమ్ముళ్లకు చెబుతున్నా. ఎఫెక్టుల లెక్క అడగకండి. హెడ్‌ఫోన్ సాకెట్టు ఉందా, రిథమ్ ఉందా, లూపర్ ఉందా, కంప్రెసర్ చెవికి బాగుందా, అడాప్టరు ఆ కంపెనీదేనా, ఇవి అడగండి. మీ బేస్ వెంట తీసుకుపోయి దాని మీదే విని చూడండి, దుకాణం వాడి బేస్ మీద కాదు. మిగిలిన పైసలతో కొత్త తీగల సెట్టు ఒకటి, మంచి వైరు ఒకటి, డీఐ బాక్స్ ఒకటి కొనండి. మూడు ప్యాచ్‌లు చేసుకోండి, మూడింటి లెవెలూ ఒకటే ఉండాలి, వాటిని పెద్ద సౌండులో, బ్యాండుతో కలిసి సరిచేసుకోండి. తక్కినవి తొక్కకండి.

సౌండు అన్నా, చివరగా నీకు ఒక దండం. మొన్నటి ఫంక్షన్‌లో తమ్ముడు ప్యాచ్‌లన్నీ మార్చి చూశాడు, ఏదీ పనిచేయలేదని డబ్బాను తిట్టి ఇంటికి పోయాడు. మిక్సర్ దగ్గర నిలబడి చూశాను. వాడి చానల్ మొదటి పాట నుంచీ మ్యూట్‌లోనే ఉంది. ఈసారి దాన్ని తియ్యి.